మత్తు డాక్టరుగారి కునుకు పర్వము

అది శనివారము. వారమంతయు కార్యాలయములలోను కర్మాగారములలోను గానుగెద్దులవలె తిరిగిన సకల మానవకోటియు తెల్లవారిన పిదపకూడ దుప్పటి తీయక, అలారము మ్రోగని ప్రభాతమును ఆవలింతలతో ఆహ్వానించు పరమ పావన దినము. స్థలమా, సముద్రమునకు ఆవలి తీరమున, విమానమెక్కి ఒక సినిమా చూచునంతలో చేరదగిన ఒకానొక మహానగరము. అందు గగనచుంబి సౌధపంక్తిలో నడిమి సౌధము. అందు ఏడవ అంతస్తు. అందు లిఫ్టు దిగి కుడిచేతికి తిరిగినచో రెండవ వాకిలి. ఆ వాకిలి లోపల హాలు, ఆ హాలులో పడమటి కిటికీ ప్రక్కన బూడిదరంగు వస్త్రకవచము దాల్చి, ముగ్గురు కూర్చుండుటకు చాలినదై, ఒక్కడు కాళ్లు బారజాపి శయనించుటకు మరింత చాలినదై, ఇరు చేతులును చాచి నిరీక్షించుచున్న ఒక సోఫా. ఓ నిద్రాదేవీ! కనురెప్పల సింహాసనమున కొలువుదీరు తల్లీ! నీ కటాక్షము కొరకై రెండు దినములు జరిగిన ఘోర సంగ్రామమును చెప్పబూనితిని. నా నోట వాక్కును నిలుపుము. కథ ముగియువరకు మాత్రము నా వంక రాకుము.

ఈ కథకు నాయకుడు ఒక మత్తు డాక్టరు. పెద్ద ఆసుపత్రిలో కోతకు ముందు రోగిని నిద్రపుచ్చి, కోత ముగిసి కుట్లు పడువరకు తలాపున కూర్చుండి, ఆ రోగి పీల్చు ప్రతి ఊపిరిని కనిపెట్టుకొని యుండుట ఆయన వృత్తి. కోసిన సర్జనును లోకము కొనియాడును, పూలగుత్తులు పంపును. మత్తు డాక్టరు ముఖమైనను ఎవరికిని గుర్తుండదు, ఏలయనగా ఆయనను చూచిన మరుక్షణమే రోగి గాఢ నిద్రలో మునుగును. దీనికి ఆయన ఎన్నడును నొచ్చుకొనలేదు. కాని ఇట్లు ఊరివారినందరను నిద్రపుచ్చిన ఆ సుషుప్తిప్రదాతకు, ఆ పరనిద్రాపోషకునకు, తాను స్వయముగా మధ్యాహ్నపువేళ కన్ను మూసి ఎన్నేండ్లయ్యెనో జ్ఞాపకమే లేదు. నడుము వాల్చుటయే తడవు, ఫోను మ్రోగును. ఎవరికో అపెండిక్సు పగులును, ఎవరికో కవలలు అడ్డము తిరుగుదురు. చొక్కా గుండీలు మెట్లమీద పెట్టుకొనుచు ఆయన పరుగెత్తవలసినదే.

అట్టి ఆయనను శుక్రవారమునాడు సర్జను నిలబెట్టి, “సోమవారం ఆపరేషను పొద్దున్న మొదలైతే సాయంత్రం దాకా పడుతుంది. నీ మొహం చూస్తే నాకు భయమేస్తోంది. ఎక్కడికైనా పోయి ఒక పూట నిద్రపోయి రావయ్యా బాబూ,” అనెను. అదే సాయంత్రము ఇంటిలో భార్య, “మా చెల్లెలు ఎన్నాళ్లనుంచో రమ్మంటోంది. ఈ శని ఆదివారాలకి వస్తామని వారం కిందే చెప్పేశాను, వెళ్లొద్దామండీ. మీకూ హాయిగా రెస్టు దొరుకుతుంది,” అనెను. సముద్రము దాటినచో ఆసుపత్రి ఫోను మ్రోగదు. మ్రోగినను పరుగెత్తుటకు వీలు లేదు. ఈ రెండు సత్యములును ఆయన మనసులో ఒక్కసారిగా వెలిగెను. “సరే,” అనెను. ఆ రాత్రియే వారు విమానమెక్కిరి.

కాని వీరునకు శత్రువు లేకుండునా? ఆయనకును ఒక శత్రువు కలదు. అది కంటికి కానరాదు, కత్తికి తెగదు, మందుకు లొంగదు. పుట్టినది మొదలు ఆయన కంఠమున కాపురముండి, ‘వద్దు’ అను మాట బయలుదేరినంతనే దానిని పండ్ల సందునుండి లోనికి గుంజుకొని, దాని స్థానమున ‘మీ ఇష్టం’ అను మాటను బయటికి నెట్టుచుండును. దాని పేరు మొహమాటము.

శనివారము తెల్లవారుచుండగా మంచినీళ్లకై హాలులోనికి వచ్చిన నాయకుడు ఆ సోఫాను తొలిసారి దర్శించెను. పాదములు నేలకు అతుకుకొనెను. చేయి దానంతటదియే ముందుకు పోయి, దిండును ఒక్కమారు నొక్కి చూచెను. దిండు మెల్లగా లోనికి పోయి, అంతకన్న మెల్లగా పైకి వచ్చెను. అంతట ఆయన హృదయకుహరమున ఈ క్రింది శపథము ప్రతిధ్వనించెను:

“ఓ తూలికాతల్పమా! ఓ బూడిదరంగు కల్పలతా! వినుము! నేడో రేపో, భుక్తాయాసవేళ, పడమటి కిటికీనుండి పచ్చని యెండ నీ చేతిపట్టునుండి నా పాదములదాక ప్రాకు సమయమున, నీ యంకమున శిరము నిలిపి, దిక్కులు పిక్కటిల్ల గురక పెట్టి తీరెదను! పెట్టలేనినాడు నేను మత్తు డాక్టరునే కాను! అడ్డు వచ్చినవాడు ఎంతటివాడైనను, తుదకు తోడల్లుడైనను సరే, సహింపను!”

బయటికి మాత్రము చిన్న దగ్గు వినవచ్చెను.

“లేచావా అన్నయ్యా! మంచి పని చేశావ్,” అని వెనుకనుండి ఒక గొంతు పలికెను.

తిరిగి చూచునంతలో అచట నిలిచియున్నవాడు ఆ గృహాధిపతియు, మరదలి మగడును, వరుసకు తోడల్లుడును, వృత్తిచేత ఆ నగరపు రైళ్ల కార్యాలయమున టైమ్‌టేబులు కూర్చువాడును అగు మహారథి. ఏ బండి ఏ స్టేషనులో ఎంతసేపు ఆగవలెనో, ఏ బండికి ఏ బండి దారి వదలవలెనో నిర్ణయించు ఆ కాలనిర్దేశకుడు అప్పటికే బూట్లు తొడిగి, టోపీ ధరించి, వీపున సంచియు, సంచికి ఇరుప్రక్కల అమ్ములపొదులవలె రెండు నీళ్ల సీసాలును వ్రేలాడదీసికొని సర్వసన్నద్ధుడై యుండెను.

“త్వరగా తయారైతే జనం రాకముందే మ్యూజియం చూసేద్దాం. వెనక గేటులోంచి బయటపడితే అటే పాత మార్కెట్టు. భోజనానికి ఇంటికొచ్చి, చెయ్యి కడుక్కున్న తడి ఆరకముందే పడవ షికారు. రేపు పొద్దున్న పూలతోట, మధ్యాహ్నం టవరు, అటునుంచి అటే ఎయిర్‌పోర్టు. మధ్యలో ఎక్కడా ఒక్క నిమిషం ఖాళీ లేకుండా చూశానన్నయ్యా. నీకు బోరన్న మాటే ఉండదు.”

ఎక్కడా ఒక్క నిమిషము ఖాళీ లేదన్న ఆ వాక్యము నాయకుని గుండెలో సూటిగా దిగెను. ఆయన అంతరంగము భగ్గుమనెను. “ఓరీ కాలపిశాచమా! మ్యూజియమును దహింపుము! పడవను ముంపుము! నాకు కావలసినది ఒక దిండును ఒక దుప్పటియు, నీ మౌనమును మాత్రమే!” అని ఘోషించెను. ఆ ఘోష గుండెనుండి బయలుదేరి గొంతుకు చేరినది. అచట శత్రువు కాచుకొనియున్నది.

“అబ్బే, నీకెందుకు తమ్ముడూ ఇంత శ్రమ,” అనెను నాయకుడు. “అయినా… నీ ఇష్టం.”

మొదటి పోరు మ్యూజియమున జరిగెను. అది పాలరాతి నేలలును, ఎత్తైన కప్పులును, అడుగు వేసినచో అడుగు మరల తనకే వినిపించు గదులును కలిగిన విశాల రణరంగము. ప్రతి గది నడుమను ఒక బల్ల కలదు. నాయకుని దృష్టి పటములమీద నిలువక బల్లలమీదనే నిలిచెను. మూడవ గదిలో అవకాశము చిక్కెను. భార్యయు మరదలును నగల అద్దాల పెట్టెకడ అతుకుకొనిపోయిరి. తోడల్లుడు టోపీ సవరించుకొనుచుండెను. నాయకుడు మెరుపువలె కదలి బల్లపై ఆసీనుడై, ఎదుటి గోడనున్న ఒక పెద్ద పటమును చూచుచున్నట్లు నటించుచు, కనులను పావువంతు మూసెను. పిదప సగము మూసెను. పిదప ముప్పాతిక.

“అందులోనే ఉందన్నయ్యా మజా అంతా!” అని తోడల్లుడు ప్రక్కన వచ్చి కూర్చుండెను. “ఎవరూ దీని దగ్గర ఆగరు. నువ్వు ఆగావు చూడు. ఆ మూల చీకట్లో కుక్క ఉంది, కనిపించిందా? అది కనిపించడానికి చాలాసేపు చూడాలి.”

నాయకుడు కుక్కకొరకు చాలసేపు చూచెను. పటమున ఒక రైతు గడ్డివాముమీద వెల్లకిల పరుండి, టోపీ ముఖముమీద కప్పుకొని నిద్రించుచుండెను. కుక్కయు నిద్రించుచుండెను. ఆ పటమును చూచి అసూయచెందిన మానవుడు మ్యూజియము చరిత్రలో ఆయనయొక్కడే కావచ్చును. “బాగుంది తమ్ముడూ,” అని ఆయన లేచి నాలుగవ గదికి నడచెను. తరువాత పాత మార్కెట్టునందు కూర్చుండుటకు ఏమియు లేకపోవుటచేత అచటి యుద్ధమును వర్ణించుట అనవసరము.

రెండవ పోరు ఆ మధ్యాహ్నమే సోఫాకడ జరిగెను. కడుపునిండ భోజనమైనది. అక్కచెల్లెండ్రు వంటింటిలో గిన్నెలు సర్దుచు చిన్ననాటి ముచ్చట్లలో మునిగిరి. తోడల్లుడు స్నానాలగదిలో ఉండెను. పడమటి కిటికీనుండి ఎండ దిగి, శపథమున చెప్పినట్లే సోఫా చేతిపట్టును తాకెను. నాయకుడు తొందరపడలేదు. అనుభవజ్ఞుడగు సేనాని కోటను ఒక్కపెట్టున ముట్టడింపడు. మొదట ఆయన అంచున కూర్చుండి ఒక పత్రికను చేతబట్టెను. పిదప వీపును వెనుకకు ఆనించెను. పిదప చెప్పులు విడిచెను. దిండొకటి ప్రమాదవశమున జారినట్లు తలక్రిందికి వచ్చెను. ఎడమ కాలు ఎవరును పిలువకయే పైకెక్కెను. దానికి తోడుగా కుడి కాలును ఎక్కెను. పత్రిక ముఖముమీద వ్రాలెను. అక్షరముల సిరావాసన, ఎండ వెచ్చదనము, దూరాన గిన్నెల చప్పుడు. కనురెప్పల బరువు క్రమక్రమముగా పెరిగి…

“అయ్యో అయ్యో! బావగారు పాపం ఒక్కరే కూర్చున్నారే!”

మరదలు కేక వేసెను. ఆమె స్వభావముచేత మిక్కిలి మంచిది. సంగ్రామములలో మంచివారిని ఎదుర్కొనుట చాల కష్టము. పత్రికను తొలగించి చూడగా ఆమె ముఖమున నిజమైన బాధ కానవచ్చెను. అంత దూరమునుండి వచ్చిన బావగారిని పలకరించువాడు లేక, తోచక, పత్రిక కప్పుకొని పరుండవలసి వచ్చినదని ఆమె బాధ. నిద్ర వచ్చుటచేత మనిషి పరుండవచ్చునన్న ఊహ ఆ ఇంటిలో ఎవరికిని తట్టలేదు. అతిథి పగటిపూట పరుండుట మర్యాదలో జరిగిన లోపమునకు గుర్తని ఆ కుటుంబమంతయు నమ్మును. నిజము చెప్పవలెనన్న, తన ఇంటికి ఎవరైన వచ్చినచో నాయకుడును అదే నమ్మును.

“కాఫీ ఇస్తాను బావా.”

“వద్దమ్మా, ఇప్పుడేగా భోజనం.”

“కొంచెమే.”

“నిజంగా వద్దు.”

“మొహమాటపడకండి బావా.”

“అబ్బే, మొహమాటమేం లేదు. వద్దంటే వద్దే.”

ఇంతటి పరాక్రమమును ఆయన అంతకుముందెన్నడు ప్రదర్శించియుండలేదు. కాని మర్యాదస్థుల ఇండ్లలో ‘వద్దు’ అను మాటకు విలువ కట్టువారు లేరు. మొదటిది అలవాటుగా పలుకునది, రెండవది బెట్టుగా పలుకునది, మూడవదానిని అందరును నవ్వుతో వినిపించుకొనకుందురు.

“కలిపేశాను కూడా,” అనెను మరదలు.

ఆ కాఫీ ఆపరేషను బల్లమీది రోగికి పట్టించినచో వాడు లేచి కూర్చుండి వార్తలు అడుగును. నాయకుడు కడపటి బొట్టువరకు త్రాగెను. అంతలో తడి తల తుడుచుకొనుచు తోడల్లుడు వచ్చి, విషయము విని, ముఖము వెలవెల పోగా, “ఛ ఛ, తప్పు నాదే. స్నానానికి ఎక్కువసేపు తీసుకున్నాను. అన్నయ్యకి తోచకుండా అయిపోయింది. పదండి పదండి!” అని అందరను లేవదీసెను. పడవమీద గాలి బలముగా వీచెను. కూర్చున్నచో అలలు కనబడవని తోడల్లుడు అందరను నిలువబెట్టెను. శనివారము ఇట్లు అస్తమించెను. కాఫీ ధర్మమా అని ఆ రాత్రికూడ నాయకునకు నిద్రపట్టలేదు.

ఆదివారము తెల్లవారెను. అది కడపటి దినము. సాయంత్రము విమానము, మరునాడు ఆపరేషను. ఆయన ముఖమును అద్దము చూపెను గాని ఆయన చూడలేకపోయెను. బలముచేత జయింపరాని శత్రువును ఉపాయముచేత జయింపవలెనని నిశ్చయించి, టిఫిను బల్లకడ కూర్చుండి, “అబ్బా,” అని మోకాలు పట్టుకొనెను.

“ఏమైందండీ?” అనెను భార్య.

“ఏం లేదు. కాళ్లు లాగుతున్నాయి. మీరు ముగ్గురూ తోటకి వెళ్లిరండి. నేను… ఇదిగో, ఈ సోఫాలో కాస్త…”

వాక్యము ముగియకయే మరదలు వేడినీళ్ల సంచి తెచ్చెను. భార్య నొప్పుల మందు తెచ్చెను. తోడల్లుడు ఎవరికో ఫోను చేసి మందహాసముతో తిరిగివచ్చి, “కనుక్కున్నానన్నయ్యా. తోట గేటు దగ్గర చక్రాల కుర్చీ ఇస్తారట. నువ్వు కాలు కింద పెట్టక్కర్లేదు. నేను తోస్తాను,” అనెను.

ఈ విధముగా, నిక్షేపమువంటి కాళ్లు రెండును గల మత్తు డాక్టరు చక్రాల కుర్చీలో కూర్చుండి, ఒడిలో వేడినీళ్ల సంచితో, పూలతోట గేటులో ప్రవేశించెను. ఒక ముసలామె ఆయనను చూచి జాలిగా దారి విడిచెను. ఆయన తల దించుకొనెను. కాని కొంతసేపటికి ఒక విషయము గ్రహించెను. కుర్చీ మెత్తగానున్నది. దారి చదునుగానున్నది. చక్రములు ఒకే లయలో కూయుచున్నవి. ఉపాయము విఫలమగుచు విఫలమగుచునే ఫలించుచున్నదని ఆయన హృదయము ఉప్పొంగెను. గడ్డము రొమ్మునకు ఆనెను.

“ఇది చూడు అన్నయ్యా! దీని ఆకు నలిపితే నిమ్మకాయ వాసనొస్తుంది. నలుపు!”

ఆయన నలిపెను. తరువాతి చెట్టు బెరడును తాకెను. ఆ తరువాతి పువ్వులో తేనెటీగ యున్నదో లేదో చూచెను. ప్రతి మొక్కకడను ఆ మహారథి దాని పుట్టుపూర్వోత్తరములన్నియు అప్పగించుచు కుర్చీని తోసెను. చిత్రమేమనగా, గులాబీల మలుపుకడకు వచ్చుసరికి ఆ గొంతు మాట నడుమనే ఆగెను. కుర్చీ దారి తప్పెను, అంచుగట్టు దాటెను, గులాబీ పొదలో సగము దూరి నిలిచెను. నాయకుని చొక్కాచేతికి ముండ్లు చిక్కుకొనెను. వెనుకకు చూడగా, తోడల్లుడు కుర్చీ పిడిని పట్టుకొని నిలబడియే కనులు మూసికొనియుండి, ఉలిక్కిపడి తెరచెను.

“ఇక్కణ్ణుంచైతే దగ్గరగా కనిపిస్తాయని,” అనెను అతడు.

నాయకుడు ముండ్లను ఒక్కొక్కటిగా తీసికొనుచు, “బాగా కనిపిస్తున్నాయి తమ్ముడూ,” అనెను.

మధ్యాహ్నము భోజనము హోటలునందే ముగిసెను. సోఫా ఏడవ అంతస్తున అట్లే మిగిలెను. సామాను కారు వెనుకకు చేరెను. ఇక మిగిలినది టవరు. అది నగరము నడిమధ్య నిలిచి మేఘములను గీరుచుండెను. టిక్కెట్టు వరుస టవరును చుట్టి, వీధి మలుపు తిరిగి, అంతము కానరాక సాగెను. “మేం వరసలో నిలబడతాం, మీరు కారు పెట్టి రండి,” అని అక్కచెల్లెండ్రు ఇద్దరును దిగిపోయిరి. తోడల్లుండ్రు ఇద్దరును కారుతో సహా పాతాళమునకు దిగిరి.

అది నేలమాళిగలోని కార్ల పార్కింగు. తక్కువ ఎత్తు కప్పు, పసుపు గీతల స్తంభములు, మసక దీపములు. ఎక్కడో ఒక పెద్ద ఫ్యాను ఏకస్వరమున గుంయ్‌మనుచుండెను. తోడల్లుడు ఒక మూల కారు నిలిపి ఇంజను ఆపెను. అంతట ఫ్యాను మ్రోత మాత్రమే మిగిలెను. అతడు తాళముచెవి చేతబట్టుకొని తలుపు తీయక అట్లే కూర్చుండెను. నాయకుడు తన సీటు బెల్టు విప్పబోయి, అలవాటుచొప్పున ప్రక్కవాని ముఖము చూచెను.

ఇక్కడ మన మత్తు డాక్టరు తన జీవితమంతయు చూచుచు వచ్చిన దృశ్యమును మరల చూచెను. పైరెప్ప సగముదాక దిగి ఆగినది. చూపు ఎదుటి స్తంభముమీద ఉన్నది గాని స్తంభమును చూచుటలేదు. దవడ కొంచెము జారినది. ఎన్ని వేల ముఖములలోనో ఆయన ఈ క్షణమును కనిపెట్టినవాడు. ఇది మామూలు అలసట కాదు. ఈ మనిషి వారమునుండి సరిగా నిద్రపోలేదు. ఈ మనిషిని ఇప్పుడు టవరెక్కించుట పాపము.

అప్పుడు మహాయుద్ధము మొదలయ్యెను. నాయకుని గుండెలో ఒక వాక్యము లేచి నిలబడినది. గొంతుకడకు వచ్చినది. మొహమాటము తన సమస్త బలగముతో అడ్డుపడెను. ‘అంత ప్రేమగా తిప్పినవాడు ఏమనుకొనును?’ అని ఈటె విసరెను. ‘మరదలు నొచ్చుకొనదా?’ అని గద ఎత్తెను. ‘రేపు నీ భార్య పుట్టింటివారందరును దీనినే చెప్పుకొందురు!’ అని బ్రహ్మాండమగు బండనే దొర్లించెను. నాయకుని నుదుట చెమట పట్టెను. చేతులు బెల్టును బిగబట్టెను. వాక్యము ఒక అడుగు వెనుకకు వేసి, రెండడుగులు ముందుకు వేసి, పండ్ల కోటగోడ బ్రద్దలుకొట్టి బయటపడెను:

“తమ్ముడూ. నేను టవరు ఎక్కను. నాకు నిద్రొస్తోంది.”

ఫ్యాను మ్రోగుచునే యుండెను. కప్పు కూలలేదు. తోడల్లుడు మెల్లగా తల త్రిప్పి చూచెను.

“నిజంగానా అన్నయ్యా?”

“నిజంగా.”

“నాకోసం అనట్లేదు కదా?”

“నాకోసమే అంటున్నాను. నిన్నపొద్దున్ననుంచి అందామనుకుంటున్నాను.”

తోడల్లుడు స్టీరింగుమీద నుదురు ఆనించెను. అతని భుజములు కదలుట చూచి నాయకుడు భయపడెను. తరువాత అది నవ్వని తెలిసెను.

“అబ్బ! నేనింతవరకూ ఈ టవరెక్కలేదన్నయ్యా. ఎత్తంటే నాకు కళ్లు తిరుగుతాయి. ఆ మ్యూజియం కూడా నిన్నటిదాకా చూడలేదు. ఆదివారమొస్తే పొద్దున్న తిని ఆ సోఫాలో పడుకుంటే, మళ్లీ దీపాలు పెట్టాకే లేవడం. మీరొస్తున్నారని వారం రోజులు ఆఫీసునుంచొచ్చి అవన్నీ చదువుకున్నాను. కుక్క సంగతి, నిమ్మవాసన ఆకు సంగతి, అన్నీ.”

“మరెందుకు తిప్పావయ్యా మమ్మల్ని?”

“పెద్ద డాక్టరువి. ఇంతదూరం వస్తే, ఇంట్లో పడుకోబెట్టి పంపించామంటే నలుగురూ ఏమనుకుంటారు?”

“నేనొచ్చిందే పడుకోడానికి!”

ఇద్దరును ఒకరినొకరు చూచుకొనిరి. రెండు దినములపాటు ఒకని సౌఖ్యము కొరకు మరియొకడు, మరియొకని మర్యాద కొరకు మొదటివాడు నలిగి నలిగి నుగ్గయిన తోడల్లుండ్రు వారు. ఈ కథకుడు వారిని చూచి నవ్వవలెనా ఏడ్వవలెనా అని ఆలోచించి, తన ఇంటి సంగతి గుర్తుకు వచ్చి ఊరకుండెను.

“సీటు వెనక్కి వాల్చు,” అనెను డాక్టరు. తోడల్లుడు మీట లాగెను. సీటు వెనుకకు ఒరగెను. ‘నువ్వూ…’ అని ఆరంభించిన మాట ముగియకముందే అతడు నిద్రపోయెను. సూది లేదు, మందు లేదు.

నాయకుడును తన సీటు వాల్చెను. కనులు మూసెను. విజయము చేతికందినదని తలచెను. కాని విధి మిక్కిలి క్రూరమైనది. ప్రక్కన ఒకడు నిద్రించుచుండగా మత్తు డాక్టరు ఎట్లు నిద్రించును? ఆయన చెవి ఆ ఊపిరినే వినుచుండెను. రొమ్ము లేచినదా? లేచినది. దిగినదా? దిగినది. మరల లేచునా? కనులు వాటంతటవియే తెరచుకొనెను. చేయి పోయి తోడల్లుని మణికట్టు నాడిమీద నిలిచెను. మొహమాటమును జయించిన మహావీరుడు తన వృత్తి చేతిలో ఓడిపోయెను. ఆయన నిటారుగా కూర్చుండి కాపలా కాచెను.

తోడల్లుని జేబులో ఫోను కదలెను. నాయకుడు దానిని మెల్లగా తీసి చెవికి ఆనించి ‘హలో’ అని గొణిగెను.

“ఏమండీ, మీరా! ఎక్కడున్నారు? మేం లిఫ్టు దాకా వచ్చేశాం!” అనెను భార్య.

“మీరిద్దరూ ఎక్కేయండి. మేం రావట్లేదు,” అని ఆయన గుసగుసలాడెను.

“ఎందుకు?”

“తమ్ముడు పడుకున్నాడు. నేనూ పడుకోవాలనుకుంటున్నాను. నాకు నిద్రలేక తల పగిలిపోతోంది.”

 ఆ ఇల్లాలు, “ఆ ముక్క నిన్నే చెప్పొచ్చుగా!” అని ఫోను పెట్టివేసెను.

ఎంతసేపు గడచెనో. తోడల్లుడు కదలి, కండ్లు నులుముకొని, తేటపడిన ముఖముతో లేచి, తన మణికట్టుమీది చేతిని చూచెను.

“నువ్వు పడుకోలేదా అన్నయ్యా?”

“నిద్ర పట్టదు తమ్ముడూ. పక్కన ఎవరైనా పడుకుంటే నేను మేలుకునే ఉండాలి. ఇన్నేళ్లూ అదే పని కదా. అలవాటు పోదు.”

తోడల్లుడు ఆలోచించెను. రెండు రైళ్లు ఒకే పట్టాలమీదకు వచ్చినచో ఏది ఆగవలెనో, ఏది పోవలెనో తేల్చువాని ఆలోచన అది. అతడు తన సీటును నిటారుగా లేపి, టోపీ తీసి ఒడిలో పెట్టుకొని, నాయకుని వైపు పూర్తిగా తిరిగి కూర్చుండెను.

“నేను లేచాను కదా. ఇప్పుడు నువ్వు పడుకో. నేను చూస్తుంటాను.”

“ఏం చూస్తావు?”

“నువ్వేం చూస్తావో అదే. చెప్పు.”

“ఊపిరి వస్తోందా లేదా అని చూడాలి. అంతే.”

“చూస్తాను. కళ్లు మూసుకో.”

నిద్రించువారి ప్రక్కన జీవితమంతయు మేలుకొనినవాడు ఆయన. తన తలాపున మేలుకొని కూర్చుందునని ఎవరును ఆయనతో ఏనాడును అనలేదు. ఆయన కంట నీరు తిరిగెను.  కనులు మూసికొనెను. మొదటి ఊపిరి పీల్చెను. రెండవది పీల్చెను. ఆ తరువాతి ఊపిరుల సంగతి ఆయనకు తెలియదు.

గురక మొదలయ్యెను. అది మొదట ఉడుకు నీటివలె మెల్లగా మొదలై, పిదప స్తంభములకు తగిలి, కప్పునకు తగిలి, పెద్ద ఫ్యాను చప్పుడును అణచివేసి, ఆ పాతాళమంతయు నిండెను. దూరాన కారు దిగుచున్న ఒక పసివాడు తల్లి కొంగు పట్టుకొనెను. తోడల్లుడు కదలక, రెప్ప వేయక, ఎఱ్ఱదీపమునకు ఎదుట ఆగిన బండి డ్రైవరువలె చూచుచుండెను.

టవరు దిగిన అక్కచెల్లెండ్రు వెదకి వెదకి వచ్చి, కారు అద్దము తట్టబోగా, లోపలినుండి అతడు చేయి ఎత్తి ఆపెను. అద్దము వ్రేలెడంత దించెను. భార్య లోనికి వంగి చూచెను. నోరు తెరచుకొని, సీటు బెల్టు విప్పనైనను మరచి, తల ఒకవైపునకు వ్రాలి ఆమె మగడు నిద్రించుచుండెను.

“పెళ్లయిన్నాటినుంచి ఈయన ఇలా పడుకోగా నేను చూళ్లేదే,” అని ఆమె చెల్లెలితో అనెను. 

“విమానానికి టైమవదూ?” అనెను చెల్లెలు.

“అవుతుంది. ఇంకాసేపు ఉండనీ.” ఆమె అద్దమునకు మరింత దగ్గరగా వంగి, “మరిదిగారూ, మీరేం చూస్తున్నారలా?” అనెను.

“ఊపిరి వదినా,” అనెను తోడల్లుడు తన చూపు త్రిప్పకయే. “బాగానే వస్తోంది.”

వినుడు జనులారా! సోఫా దక్కలేదు. టవరు ఎక్కలేదు. కోటలు కూలలేదు, రాజ్యములు మారలేదు. కాని ఒక ఆదివారము మధ్యాహ్నమున, నేలమాళిగలో, కారు ముందుసీటులో, మహావీరుడగు మత్తు డాక్టరు తోడల్లుని కాపలాలో ఒక్క కునుకు తీసెను. అచట గెలిచినది ఆయనయే. జయము, జయము. నిద్రాదేవీ, నా కథ ముగిసినది. ఇక నీ యిష్టము.